పడని మందు

నాచు పట్టిన పెరటి మెట్ల మీద జారిపడి ప్రసన్నకుమారి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ఎముకకు ప్లేటు వెయ్యాలన్నారు డాక్టర్లు. ధవళేశ్వరం నుంచి భర్త చంద్రరావు ఆమెను రాజమండ్రి తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు దేవిశ్రీ వచ్చి, ఏవైనా మందులు పడవా అని అడిగింది.

"పెన్సిలిన్ పడదండి. చిన్నప్పుడు ఇంజెక్షన్ చేస్తే చావు తప్పింది."

గొంతునొప్పికి వెళ్లినా, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ఆమె ముందు చెప్పేది ఆ మాటే.

"అప్పుడు ఏమైందండి? దద్దుర్లు వచ్చాయా, ఊపిరాడలేదా?"

"పడిపోయాను. అంతే గుర్తుంది."

దేవిశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కోసిన చోట చీము పట్టకుండా సెఫజోలిన్ ఇస్తామండి. పెన్సిలిన్‌కి చుట్టమే గానీ, అది పడని వాళ్లలో చాలామందికి ఇది పడుతుంది."

"చుట్టమైతే వద్దులెండి."

"చీము పడితే ప్లేటు తీసెయ్యాల్సి రావచ్చు. అప్పటి సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

చంద్రరావు రావులపాలెంలో ఉన్న భార్య అక్క పాపాయికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఆ ఇంజెక్షన్ సంగతి అడిగాడు.

"పడంది దానికి కాదు మరిదిగారూ, నాకు" అంది పాపాయి. "ఆ ఇంజెక్షన్ చేసింది నాకే. మొహం వాచిపోయి, ఊపిరందక పడిపోయాను. నన్ను చూసి భయంతో అది స్పృహ తప్పింది."

"అమ్మ నాకే పడదని చెప్పేది కదక్కా" అంది ప్రసన్నకుమారి.

"భయం కొద్దీ ఇద్దరికీ పడదనే చెప్పేది. నువ్వు నీదే అనుకున్నావు."

ఫోన్‌లో విన్న మాట ఒక్కటే నమ్ముకోలేమనీ, సెఫజోలిన్‌ని దగ్గరుండి చూసుకుంటూ ఇస్తాననీ దేవిశ్రీ చెప్పింది. థియేటర్‌లో మందు నరంలోకి ఎక్కుతుంటే ప్రసన్నకుమారి ఊపిరి ఎప్పుడు ఆగుతుందా అని కనిపెట్టుకుని పడుకుంది. ఏమీ కాలేదు.

కుట్లు చీము లేకుండా మానుతున్నాయి. తర్వాత ఒకసారి పెన్సిలిన్‌కి కూడా పరీక్ష చేయించుకుంటే ఆ భయం తీరిపోతుందని దేవిశ్రీ అంది. ప్రసన్నకుమారి సరేనంది గానీ, ఆ మాట ఆమెకు అంతగా నచ్చలేదు. తనదనుకున్నదేదో చేజారినట్టుంది.

పాపాయి బస్సెక్కి చూడటానికి వచ్చింది. కాసేపు కాలి సంగతులయ్యాక ప్రసన్నకుమారి అడిగింది.

"అప్పుడు నీకు ఎలా ఉందక్కా?"

ఇన్నేళ్లలో ఆ మాట పాపాయిని ఎవరూ అడగలేదు. ఆమె మంచం మీద చెల్లెలి పక్కన సర్దుకు కూర్చుని, ఆ రోజు జ్వరం మొదలైన దగ్గర్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.