మొదటి వాక్యంలో చెప్పవలసింది

బుధవారం మధ్యాహ్నం రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. అపిసాకోలోని ఎనామిల్ గిన్నెల ఫ్యాక్టరీకి జనరల్ మేనేజర్ అయిన ఇంజనీరు లెయొబార్దో అరిస్‌మెండి తలుపు వేసి వచ్చి రిసీవర్ ఎత్తాడు. అవతల ఉన్నది యజమానుల లాయరు బాల్తియెర్రా.

"స్థలం అమ్మేశారు ఇంజనీర్. సంతకాలు కూడా అయిపోయాయి. మంగళవారం మూసేస్తున్నాం."

"మనుషులకి ఎప్పుడు చెప్పాలి?"

"మంగళవారమే. ఒక్క రోజు ముందు కూడా కాదు. టెక్సాస్ ఆర్డరు ఆఖరి లారీ సోమవారం బయలుదేరాలి. బట్టీవాళ్లు ఈలోగా జారుకుంటే పూత ఎవరు కాలుస్తారు? మీరా, నేనా?"

బట్టీవాళ్లు జారుకోవడానికి చోటు ఉంది. కాల్‌పులాల్‌పాన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ వాళ్లు మంట దగ్గర పనిచేసిన మనుషుల కోసం వెతుకుతున్నారు. నలభై దాటినవాళ్లను తీసుకోకూడదన్నది అక్కడి నియమం. ఈ ఒక్కసారికి దాన్ని పక్కనపెట్టి, అపిసాకో బట్టీవాళ్లందరికీ ఉద్యోగాలిస్తామన్నారు. శనివారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఈ సంగతి అరిస్‌మెండికి తెలుసు, లాయరుకూ తెలుసు.

"మీకు ఇక్కడ కుర్చీ సిద్ధం చేశాం," అన్నాడు బాల్తియెర్రా. "నోరు మెదపకుండా ఉంటే చాలు."

అంతకుముందు ఏడాది యజమానులు అరిస్‌మెండిని మోంతెర్రేలో నాయకత్వ శిక్షణకు పంపారు. పెద్ద మేనేజర్లు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు అభ్యాసం చేయాలి. చెడ్డ వార్త ఉంటే మొదటి వాక్యంలోనే చెప్పాలని, వాతావరణం గురించి, పిల్లల చదువుల గురించి మొదలుపెట్టకూడదని, తనే చెప్పాలి తప్ప ఇంకొకరితో చెప్పించకూడదని శిక్షకుడు నేర్పాడు. అరిస్‌మెండి ఆ వారంలో చాలామందిని తీసేశాడు. బాగా తీసేశావని చప్పట్లు కూడా కొట్టారు.

గురువారం పొద్దున అతను బట్టీ దగ్గరికి వెళ్లాడు. మేస్త్రీ క్రెసెన్సియో క్వామాట్సి రాత్రి కాల్చిన గిన్నెలను వేలి గోటితో తట్టి చూస్తున్నాడు.

"సాయంత్రం ఒకసారి ఇంటికి రా. మాట్లాడాలి."

"నేనే వద్దామనుకుంటున్నానండీ ఇంజనీరు గారూ. మా ఆవిడ కూడా వస్తుంది."

రానీ అనుకున్నాడు అరిస్‌మెండి. ఇద్దరికీ ఒకేసారి చెప్పేస్తే సరి. వాళ్లు మిగతావాళ్లకు చెప్తారు. శనివారం లోపల అందరూ ఆ ఫ్యాక్టరీకి ఒప్పుకుంటారు. టెక్సాస్ లారీ సగమే నిండుతుంది. రాజధానిలో కుర్చీ పోతుంది. పోతే పోయింది. గురువారం పగలంతా అతను ఆ మొదటి వాక్యాన్ని మనసులో సరిచేసుకున్నాడు.

సాయంత్రం తలుపు తీసేసరికి క్రెసెన్సియో ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. భార్య ఎఫ్రొసీనా శాలువాలో పసిపిల్లను కట్టుకుంది. పెద్దపిల్లలు పెళ్లీడుకొచ్చాక పుట్టిన పిల్ల. వాళ్ల వెనక బట్టీలోనే పనిచేసే నికాండ్రో, కాళ్లు కట్టేసిన టర్కీ కోడిని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. క్రెసెన్సియో చేతుల్లో కుట్టుపని గుడ్డ కప్పిన బుట్ట ఉంది.

బుట్ట చూడగానే అరిస్‌మెండికి అర్థమైంది.

"ముందు నేనొక మాట చెప్పాలి," అన్నాడు.

"మాది కానివ్వండి ఇంజనీరు గారూ," అంది ఎఫ్రొసీనా. "ఇది నిద్ర లేచిందంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు."

క్రెసెన్సియో గొంతు సవరించుకున్నాడు. "ఈ పిల్లకి ఆదివారం జ్ఞానస్నానం పెట్టుకున్నాం. దేవుడి ముందు దీన్ని మీరు ఎత్తుకోవాలని, దీనికి మీరు రెండో తండ్రి కావాలని, పేదవాళ్లమైనా అడగడానికొచ్చాం." బుట్టను రెండు చేతులా ముందుకు చాచాడు.

మా వైపు ఈ బుట్టను ఎవరూ కాదనరు. కాదంటే ఆ బిడ్డకు కీడు. కాదన్న మనిషిని ఆ తర్వాత చర్చి మెట్ల మీద కూడా పలకరించరు. దీనికి ఇంకో వైపు ఉంది. ఒక ఇంటికి చెడు తలపెట్టినవాడు ఆ ఇంటి బుట్ట అందుకోడు. అందుకున్న నాటి నుంచి బిడ్డ తండ్రీ, ఎత్తుకున్నవాడూ ఒకరికొకరు కొంపాద్రెలు. వాళ్ల మధ్య తగువు ఉండకూడదు, గట్టి మాట ఉండకూడదు. అంతవరకు 'నువ్వు' అని పిలుచుకున్నవాళ్లు కూడా అప్పటినుంచి 'మీరు' అని పిలుచుకుంటారు.

మొదటి వాక్యం అరిస్‌మెండి నోట్లోనే ఉంది. బుట్ట బరువుగా ఉన్నట్టుంది. క్రెసెన్సియో దాన్ని ఇంకా చాచే ఉంచాడు. అరిస్‌మెండి చేతులు చాచి అందుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు నికాండ్రో. "ఇంజనీరు గారు పోయారు, కొంపాద్రె పుట్టారు. ఇక ఈ కోడిని ఎవరైనా పట్టుకుంటారా? నా చొక్కా పాడుచేసింది."

అందరూ కూర్చున్నారు. బుట్టలో రొట్టెలు, చాక్లెట్, ఒక సీసా. అరిస్‌మెండి రెండు గుక్కలు తాగాక మొదలుపెట్టాడు.

"కొంపాద్రె, ఆ కార్ల ఫ్యాక్టరీ సంగతి ఏం ఆలోచించారు?"

క్రెసెన్సియో భార్య వైపు చూశాడు. "ఆ సంగతి మీకూ తెలిసిందా? వారం నుంచి ఇంట్లో అదే గొడవ. ఇప్పుడింక ఆ మాటెందుకులెండి."

"మంచి అవకాశం. మీరు వెళ్తే నేనేమీ అనుకోను."

"చూశావా," అని ఎఫ్రొసీనా మొగుడి మోకాలి మీద చరిచింది. "నీకు పరీక్ష పెడుతున్నారు."

"పరీక్ష కాదమ్మా."

"కాకపోతే ఏంటి మరి? కొంపాద్రెని వదిలేసి బోల్టులు బిగించుకోడానికి పోతే మా ఆయన మొహం ఊళ్లో ఎవరు చూస్తారు?"

క్రెసెన్సియో నవ్వాడు. "వెళ్లను కొంపాద్రె. భయపడకండి."

శుక్రవారం పొద్దున కాఫీ తెచ్చిన సెక్రటరీ ఒబ్దూలియా కప్పు బల్ల మీద పెట్టి వెళ్లకుండా నిలబడింది.

"బట్టీవాళ్లందరూ ఆ కార్ల ఫ్యాక్టరీకి రామని చెప్పేశారంట," అంది.

"ఎందుకు?"

"మీరు బుట్ట తీసుకున్నారుగా. మూసేసేవాడు బుట్ట తీసుకుంటాడా అని పొద్దుటి నుంచి గేటు దగ్గర ఇదే మాట. మూసేస్తారని ఊళ్లో పుకారు ఉందిగా, అది నిన్న రాత్రితో చచ్చిపోయింది."

అరిస్‌మెండి కప్పు వైపు చూశాడు. ఒబ్దూలియా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం దాకా ఆ కార్ల ఫ్యాక్టరీ వాళ్ల పేర్ల పట్టిక తెరిచే ఉంటుంది. రామన్నవాళ్లు వస్తామన్నా తీసుకుంటారు. శనివారం పొద్దున అరిస్‌మెండి బట్టీ దగ్గరికి వెళ్లి అందరినీ పిలిచాడు. వాళ్లు చేతి తొడుగులు విప్పి చుట్టూ నిలబడ్డారు. నోట సూటిగా రాకపోతే ప్రశ్నలు అడగనివ్వండి అని కూడా మోంతెర్రేలో చెప్పారు. ఎవరైనా అడిగితే చెప్పేయాలని అతను నిశ్చయించుకున్నాడు.

"మీ మనసులో ఏముందో అడగండి. ఏదైనా సరే. నిజమే చెబుతాను."

ఎవరూ అడగలేదు. అడగవలసింది వాళ్ల దగ్గర లేక కాదు. క్రెసెన్సియో పక్కనే ఉన్నాడు. అతని ముందు ఆ ప్రశ్న వేస్తే, అతని కొంపాద్రె మీద నమ్మకం లేదన్నట్టే. వాళ్లు బట్టీ వైపు చూశారు, బూట్ల వైపు చూశారు.

"నాదొక ప్రశ్న," అన్నాడు నికాండ్రో.

"అడుగు."

"కోడి ఇంకా బతికే ఉందా?"

"ఉంది."

"అనుకున్నా. మీకు కత్తి పట్టే ధైర్యం లేదు."

అందరూ నవ్వారు. క్రెసెన్సియో కూడా నవ్వి, అలా నవ్వినందుకు క్షమించమన్నట్టు టోపీ ముట్టుకున్నాడు. తర్వాత తొడుగులు వేసుకుని తరువాతి వరస గిన్నెలను లోపలికి తోశారు. అరిస్‌మెండి పన్నెండింటి సైరన్ మోగేదాకా అక్కడే నిలబడి, మోగాక ఆఫీసుకు వెళ్లాడు.

ఆదివారం పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల ఏడవలేదు. సోమవారం లారీ నిండుగా బయలుదేరింది.

మంగళవారం ఆవరణలో అందరినీ నిలబెట్టి తనే మాట్లాడాడు. "ఈ రోజుతో ఈ ఫ్యాక్టరీ మూతపడుతోంది." అదే మొదటి వాక్యం. ఆ తర్వాత కారణం చెప్పాడు, చట్టం ప్రకారం ఎవరికి ఏమి వస్తుందో చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అయిపోయాక వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. పక్కన ఉన్న బాల్తియెర్రా అతని భుజం పట్టుకుని, "అద్భుతం. దీన్ని వీడియో తీసి మిగతా మేనేజర్లకు చూపించాల్సింది," అన్నాడు.

బట్టీవాళ్లు ముందు వరసలో ఉన్నారు. ఎవరూ అరవలేదు.

రెండు రోజుల తర్వాత క్రెసెన్సియో ఆఫీసుకు వచ్చాడు. ఒబ్దూలియా అట్టపెట్టెలు కడుతోంది. అరిస్‌మెండి లేచి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి కొంపాద్రె."

క్రెసెన్సియో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఒక మాట అడగొచ్చా?"

"అడగండి." బుట్ట అందుకున్న నాటికే మీకు తెలుసా అని అడుగుతాడని అరిస్‌మెండి అనుకున్నాడు. తెలుసు అని చెప్పడానికి సిద్ధపడ్డాడు.

"ఆ కార్ల ఫ్యాక్టరీకి మీరొకసారి ఫోన్ చేస్తారా? మేము చేస్తే ఎవరూ మాట్లాడటం లేదు. మీరైతే మేనేజర్, మీ మాట వింటారు. నా ఒక్కడికే కాదు, అందరికీ. వాళ్లు కింద ఉన్నారు."

అరిస్‌మెండి కిటికీలోంచి చూశాడు. ఆవరణలో నీడ ఉన్న గోడ వెంట వరసగా కూర్చుని ఉన్నారు. అతను ఫోన్ చేశాడు. అవతల సిబ్బంది వ్యవహారాలు చూసే మనిషి మర్యాదగానే మాట్లాడాడు. పట్టిక శనివారమే మూసేశారు. ఆ చోట్లలో వేరేవాళ్లు చేరిపోయారు. నలభై దాటినవాళ్ల విషయంలో ఇచ్చిన వెసులుబాటు కూడా తీసేశారు. "ఒక్కటి కూడా లేదు ఇంజనీర్. దయచేసి వాళ్లకి ఆశ పెట్టకండి. ఇంత దూరం వచ్చి గేటు దగ్గర నిలబడతారు."

అరిస్‌మెండి ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నారు కొంపాద్రె?"

ఒబ్దూలియా తాడు ముడి వేయడం ఆపింది.

"చూస్తామన్నారు."

"ఎప్పుడు రమ్మన్నారు?"

"సోమవారం," అన్నాడు అరిస్‌మెండి. "సోమవారం వెళ్లి చూడండి."

"అందరమా?"

"అందరూ."

క్రెసెన్సియో లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. "మీరున్నారు కాబట్టి," అన్నాడు. "మా ఆవిడకి నిన్నటి నుంచి అదే చెప్తున్నాను, ఆయన ఉన్నాడు కదా అని." టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. కింద అతను చెప్పిన మాట పైకి వినిపించలేదు. గోడ దగ్గరివాళ్లు లేచి నిలబడ్డారు. నికాండ్రో ఎవరి వీపు మీదో చరిచాడు.

ఒబ్దూలియా పెట్టె ముడి పూర్తిచేసి గదిలోంచి వెళ్లిపోయింది.

సోమవారం మొదటి బస్సుకే వాళ్లు కాల్‌పులాల్‌పాన్ రోడ్డున బయలుదేరారు. అందరూ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. అరిస్‌మెండి కూడా ఆ రోజే రాజధానికి ప్రయాణమయ్యాడు. దగ్గర దారి ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వెళ్తుంది. అతను కారును ప్వెబ్లా వైపు తిప్పి, చుట్టుదారిన వెళ్లాడు.