ఆఖరి సైకిలు

మూడో వెదురుబొంగు నరికి పక్కకి ఈడ్చేసరికి తెల్లవారింది. యిర్మియా కత్తి కింద పెట్టి, నడుముకి కట్టుకున్న ఉప్పు మూట తీసి, మడమ మీద పట్టిన జలగకి అద్దాడు. అది ముడుచుకుని రాలిపోయింది. ఇంకొకటి ఎక్కడో ఉండే ఉంటుందని పంట్లాం పైకి మడిచి చూసుకున్నాడు. జలగలు ఒంటరిగా తిరగవు. తెల్లారకుండా ఈ కొండ మీద ఒంటరిగా తిరిగేది యిర్మియా ఒక్కడే.

హోప్ టౌన్ ఊరి వెనక కొండ మీద ఒకప్పుడు దుంగలు ఈడ్చిన కూపు బాట అది. కలప నరికే కూపులు ఆగిపోయాక అడవి దాన్ని మింగేసింది. పన్నెండేళ్ల క్రితం పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో సైకిల్ షాపు నడిపే నాగబాబూ, యిర్మియా కలిసి దాన్ని మళ్లీ బయటికి తీశారు. ఇప్పుడు నాగబాబుతో కలిపి ఆరుగురు స్నేహితులు ఆదివారం ఉదయం ఫెర్రీలో సైకిళ్లు వేసుకుని పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇవతలి ఒడ్డుకి వస్తారు. తారురోడ్డు మీద కొండ ఎక్కి, ఈ బాట మీద వేళ్లూ రాళ్లూ దాటుకుంటూ దిగుతారు. మే నెలలో మొదలైన వాన డిసెంబరు దాకా వదలదు కాబట్టి జనవరిలో గాని బాట ఆరదు. ఈ ఏడాదికి ఇదే మొదటి ఆదివారం.

పదిహేను రోజులుగా యిర్మియా డ్యూటీ దిగగానే కొండెక్కుతున్నాడు. బెత్తాలు చేసే కేన్ తీగల ముళ్లు కోశాడు. నీళ్లు బాట మీద పారకుండా అడ్డంగా, ఏటవాలుగా తవ్విన పదకొండు కాలువల్లోని ఒండ్రు తీశాడు. ఇది మనందరి బాట అని స్నేహితులు అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు, అంతే.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. వాళ్లు ఎక్కివచ్చే ఫెర్రీలోనే లస్కరు. జెట్టీకి తాడు విసరడం, బిగించడం, విప్పడం ముప్పై ఏళ్లుగా అతని పని. పొట్టి మనిషి, లావు మెడ, ఎడమ కనుబొమ్మ మీద తాడు తెగి కొట్టిన మచ్చ. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల చెప్పులు చూస్తాడు. భార్య మేరి పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. వారం మొత్తం ఇంట్లో అతని గొంతు వినపడేది భోజనం ముందు చేసుకునే ప్రార్థనలోనే. ఆదివారం కూడా అతను పెద్దగా మాట్లాడడు. పక్కన నలుగురు మాట్లాడుకుంటుంటే చాలు, కడుపు నిండినట్టుంటుంది.

ఇవాళ మాత్రం మాట్లాడి తీరాలి. గుండె బాగా అలిసిపోయిందనీ, సైకిలు తొక్కొద్దనీ, పార ముట్టుకోవద్దనీ డాక్టరు డిసెంబరులోనే చెప్పాడు. యిర్మియా బుద్ధిగా తల ఊపి వచ్చి, మర్నాడే పార పట్టాడు. మొదటి ఆదివారం దాకా నెట్టుకొస్తే అందరికీ ఒకేసారి చెప్పొచ్చనుకున్నాడు. ఇదే నేను దిగడం ఆఖరు, ఇకనుంచి మీరు వంతులు వేసుకుని బాట చూసుకోండి, అని. రెండు వానలు ఎవరూ పట్టించుకోకపోతే అడవి మళ్లీ మింగేస్తుంది. కానీ అతని అసలు భయం బాట గురించి కాదు. సైకిలు తొక్కని యిర్మియా కోసం వీళ్లు సముద్రం దాటి వస్తారా? ఆ ప్రశ్న అడగడానికి అతనికి సిగ్గేసింది.

ఏడున్నరకి కొండ మీద సైకిలు గంటలు మోగాయి. ముందు నాగబాబు, వెనక బ్యాంకులో పనిచేసే బెన్‌హర్, ఆసుపత్రి నర్సు కళ, మరో ముగ్గురు.

"ఏటి భయ్యా, అప్పుడే వచ్చీసినావా? చెమటలు కారిపోతన్నాయి నీకు!" అన్నాడు నాగబాబు.

"కొండెక్కితే కారవా ఏటి," అన్నాడు యిర్మియా.

బాట చూసి కళ కేక వేసింది. "అంకుల్! ఏకదమ్ కొత్త రోడ్డులా ఉంది. ఎవరు చేశారిదంతా?"

"వానే కడిగీసిందమ్మా," అన్నాడు అతను. అబద్ధమని అందరికీ తెలుసు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

తర్వాత అందరూ కలిసి అరగంట పనిచేశారు. పని అంటే, బెన్‌హర్ పార పట్టుకుని నిలబడితే కళ ఫోటో తీసింది, తర్వాత కళ పట్టుకుంటే బెన్‌హర్ తీశాడు. ఒక రాయిని ముగ్గురు దొర్లించారు. ఆ రాయి అక్కడే ఉండాలి, నీటిని మళ్లించడానికి యిర్మియా పెట్టిందే. వాళ్లు అటు తిరిగాక దాన్ని మళ్లీ దాని చోటికి తెచ్చాడు. అప్పుడు ఎడమ భుజం లాగింది.

నాగబాబు ఒంటరిగా దొరికినప్పుడు యిర్మియా అన్నాడు. "నాగబాబూ, ఓ మాట సెప్పాలి."

"సెప్పు భయ్యా."

"అందరూ ఉండాల."

"అయితే కింద చాయ్ కాడ సెప్పు. ఎండెక్కిపోతంది, తొమ్మిదిన్నర ఫెర్రీ మిస్సైతే ఇంట్లో నా పని ఖతమ్."

"ఇయాల కాస్త ఆగాల. నేనొచ్చీదాకా."

"ఆగుతాంలే," అని నాగబాబు హెల్మెట్ పెట్టుకున్నాడు.

దిగేటప్పుడు యిర్మియా ఎప్పుడూ అందరికీ వెనక ఉంటాడు. జార్వా ఆదివాసుల అడవిలో ట్రంకు రోడ్డు మీద బళ్లన్నీ కాన్వాయ్‌గా పోవడం చూసి వీళ్లూ అదే పద్ధతి పెట్టుకున్నారు. ముందు బండి నాగబాబుది, ఆఖరి బండి యిర్మియాది. ఆఖరివాడు ఎవరినీ దాటకూడదు. పడినవాణ్ని లేపాలి, ఊడిన చైను ఎక్కించాలి, అడవిలో ఎవరూ మిగిలిపోలేదని చూసుకోవాలి. అతను ఇంకో పని కూడా చేసేవాడు. ఆరు సైకిళ్ల చక్రాలు కాలువ గట్ల మీదుగా పోతే మట్టి తెగుతుంది. అతను ప్రతి కాలువ దగ్గరా దిగి, తెగిన గట్టుని పారతో ఎగదోసి, మడమతో తొక్కి సర్దేవాడు. అందుకే చాయ్ దగ్గరికి ఎప్పుడూ ఇరవై నిమిషాలు ఆలస్యం. ఒక్కోసారి చర్చికి వేళైపోయిందని అడ్డదారిన పడి అటే వెళ్లిపోయేవాడు. స్నేహితులకి అది అలవాటే.

ఇవాళ తొందరగా దిగాలనుకున్నాడు. మొదటి రెండు కాలువలూ సర్దాడు. మూడో కాలువ దగ్గర చక్రాలు గట్టుని రెండుగా చీల్చాయి. దీన్ని వదిలేసి పోతే ఏం? వచ్చే ఆదివారం ఎవరో ఒకరు చేస్తారు కదా, ఆ మాట చెప్పడానికేగా పోతున్నది. అలా అనుకుంటూనే సైకిలు దిగి పార తీశాడు. కింద మలుపుల్లో కళ నవ్వూ, బెన్‌హర్ బ్రేకుల కీచుమనే చప్పుడూ కాసేపు వినపడి ఆగిపోయాయి.

గట్టు పూర్తయింది. ఊపిరి అందలేదు. పడౌక్ చెట్టు వేరు మీద కూర్చుని, వీపు మానుకి ఆనించాడు. వాళ్లు ఆగుతామన్నారు, ఒక్క నిమిషం కూర్చుని పోతాననుకున్నాడు. చెప్పాల్సిన మాటలు మనసులో వరసగా పెట్టుకున్నాడు. అరచెయ్యి మోకాలి మీంచి జారి ఆకుల్లో పడింది. మళ్లీ ఎత్తలేదు.

కింద జెట్టీ రోడ్డులో అప్పలకొండమ్మ చాయ్ దుకాణం ముందు ఆరుగురూ నిజంగానే ఆగారు. పదిహేను నిమిషాలు, ఇరవై, ఇంకో ఐదు. నాగబాబు రెండుసార్లు ఫోన్ చేశాడు. కొండ మీద సిగ్నలు ఉండదని అందరికీ తెలుసు.

"చర్చికి పోనాడేమో భయ్యా," అన్నాడు బెన్‌హర్. "ఇవాళ కొత్త సంవత్సరం మొదటి ఆరాధన కదా."

"ఏదో సెప్పాలన్నాడు," అన్నాడు నాగబాబు.

"రేపు ఫెర్రీ మీద మన ఒడ్డుకి ఎలాగూ వస్తాడు కదా, భయ్యా."

ఫెర్రీ కూత వేసింది. జెట్టీ మీద నాగబాబు ఎప్పటిలాగే తలలు లెక్కపెట్టాడు. ఆరు. వచ్చింది ఆరుగురు, పోయేది ఆరుగురు. యిర్మియా ఇవతలి ఒడ్డు మనిషి. పన్నెండేళ్లలో అతను ఆ లెక్కలో ఒక్కసారీ లేడు.

చర్చిలో అతని చోటు ఖాళీగా ఉంది. సైకిళ్ల వాళ్లతో ఉండిపోయాడులే అనుకున్నారు. ఆ రోజు అతని కోసం ఎవరూ వెతకలేదు. వెతక్కపోవడానికి ఒక్కొక్కరి దగ్గరా ఒక మంచి కారణం ఉంది.

సోమవారం పొద్దున ఆరింటి ఫెర్రీకి తాడు విప్పే మనిషి రాలేదు. ముప్పై ఏళ్లలో అలా జరగలేదు. తోటి లస్కరు సత్యారావు ఇంటికి పోయి చూశాడు, తాళం వేసి ఉంది. నాగబాబుకి ఫోన్ చేశాడు.

"మీ కాడ ఉండిపోనాడా?"

"లేడు భయ్యా," అన్నాడు నాగబాబు. "మేం... వచ్చీదాకా ఆగలేదు."

మూడో కాలువ దగ్గర దొరికాడు. సైకిలు ముందు చక్రం కొండ కిందికి తిరిగి ఉంది. గట్టు నున్నగా తొక్కి ఉంది. నాగబాబు ఆ గట్టు దాటలేక అక్కడే కూలబడి, కొండ మార్మోగేలా ఏడ్చాడు.

సమాధి అయ్యాక ఆరుగురూ చాయ్ దుకాణం బల్ల మీద కూర్చున్నారు. ఎవరూ చాయ్ అడగలేదు. అప్పలకొండమ్మ లోపల్నించి ఒక గుడ్డ సంచి తెచ్చి నాగబాబు ముందు పెట్టింది.

"ఆదివారం సీకటితో కొండెక్కుతా నా కాడ ఎట్టి పోనాడు నాయనా. అందరూ చాయ్‌కి కూకున్నాక తీస్తానప్పా అన్నాడు. నాను సూడలేదు."

నాగబాబు సంచి విప్పాడు. పారపని చేసేటప్పుడు వేసుకునే గ్లౌజులు, ఆరు జతలు, కొత్తవి, అట్టకి కొట్టిన పిన్నులు అలాగే ఉన్నాయి. ఒక జత మాత్రం మిగతావాటికంటే చిన్నది, కళ చేతులకి సరిపోయేది.