చుక్కలో సగం

మళ్లీ ఎక్కువైంది, సీసా మూతి దగ్గర ఎంత లావు చుక్క నిలబడిందో చూడు, సగం దూదితో లాగేసి మిగతాది కంటికి అంటిస్తే చాలు, గడియారానికైనా అంతే కదా, సూదిమొనకు అంటినంత నూనె, ఇంకాస్త పడిందంటే పళ్లచక్రాలన్నీ జిడ్డుకట్టి ఆగిపోతాయి, మా గురువు నెత్తిన మొట్టి మరీ నేర్పిన పాఠం, మరి ఇంత ఒబ్బిడిగా వేస్తుంటే కంట్లో ప్రెషర్ ఎందుకు తగ్గదు, ఇందాక డాక్టరమ్మ ముఖం చిట్లించి మందు వేసుకుంటున్నారా అండీ అంది, రోజూ వేసుకుంటున్నానమ్మా, అయితే మందు పనిచేయడం లేదు, ఇంకా పెరిగింది, ఇలాగే ఉంటే ఆపరేషనే, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు, ఎంత తేలిగ్గా అనేసింది తల్లి, నీళ్లలో పడి తుప్పుపట్టిన గడియారం తెచ్చినవాడికి కూడా నేనలా మొహం మీద చెప్పలేదే.

భయమేస్తోంది, చెప్పుకుంటే సిగ్గు, బల్ల మీద స్క్రూ కళ్లెదుటే ఉన్నా వేళ్లతో తడుముకుంటున్నాను, నిన్న పక్కనున్న టీ గ్లాసు కనపడక మోచేత్తో తోసేసి ఎవరిదో గడియారం మీద ఒలకబోశాను, చూపు అంచులన్నీ ఎవరో కొరుక్కు తింటున్నట్టు లోపలికి తరిగిపోతున్నాయి, రేపు భూతద్దం పెట్టుకున్నా చీకటే అయితే నేనేం చెయ్యాలి, ఈ పని తప్ప నాకేం వచ్చు, దేవుడా, ఇంకే పనీ రాదే.

ఏంటండీ ఆ దూది, గుమ్మంలో మా ఆవిడ, ఎక్కువైతే తీస్తున్నానే, ఎక్కువైందని ఎవరు చెప్పారు, ఒకరు చెప్పాలా, జీవితమంతా చుక్కలు వేసినవాణ్ని నాకు తెలీదా, రోజూ ఇలాగే తుడిచేస్తున్నారా, రోజూనే, అయ్యో మహానుభావా, కన్నూ గడియారమూ ఒకటేనా, చుక్క మొత్తం లోపలికి పోవాలి కదండీ, అంటూ నా చేతిలోని దూది లాగేసుకుంది.

గడియారం ఆగితే వెనక మూత తీస్తాను, అరిగింది పారేసి కొత్తది బిగిస్తాను, కంటికి అలాంటి మూత లేదు, విడిభాగాలు ఏ కొట్లోనూ దొరకవు, సీసా ఆమె చేతిలో పెట్టి తల వెనక్కి వాల్చాను, చల్లగా, నిండుగా, కన్నంతా మునిగేలా పడింది, అమ్మో, ఒక చుక్కంటే ఇంతా, మందు ఏ తప్పూ చేయలేదు, ఎవరూ వంక పెట్టలేరని ఊరంతా మెచ్చుకున్న నా చెయ్యే నా కన్ను తీస్తోంది.