సలోమి బోర్డు

పొద్దున్నే టెలిఫోన్ ఎక్స్ఛేంజి బోర్డు మీద మూతలు టపటపా పడుతున్నాయి. ఏ మూత పడితే ఆ ఇంట్లో ఫోను ఎత్తినట్టు. సలోమి ఒక చేత్తో తీగ లాగి, రెండో చేత్తో ఇంకో రంధ్రంలో గుచ్చుతోంది. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఒక పక్కకే వంగి కూర్చోవడంతో కుడి భుజం కాస్త జారింది. రాజోలు పక్కనున్న ఆ ఊళ్లో ఎవరూ నంబరు చెప్పరు. "సలోమమ్మా, మా బావగారికి కలుపు" అంటారు. ఎవరికి ఎవరు బావో ఆమెకు తెలియాలి. తెలుసు కూడా.

ఆ తెలియడమే తంటా తెచ్చింది. కొబ్బరి ధర తనకంటే ముందు ఆమె చెవిన పడుతోందని షావుకారు తాతబ్బాయి గుర్రుగా ఉండేవాడు. పెద్దమనుషుల్ని వెంటేసుకుని తిరిగి, ఎనభై నాలుగు వేసవికల్లా ఊరికి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి సాధించాడు. ఈ మధ్యాహ్నం నుంచి ఎవరి డయలు వాళ్లు తిప్పుకోవచ్చు.

కొత్త యంత్రానికి ఒక్క మనిషి చాలు. సీనియారిటీ ప్రకారం ఆ చోటు సలోమిది. భర్త ఏసుదాసు మంచం దిగలేడు. ఊళ్లో ఉండనిస్తే చాలని ఆమె ఆశ. కానీ యూనియన్ కార్యదర్శి మంగరాజు పాత సమ్మెను మరిచిపోలేదు. ఆ వేళ అందరూ బయట కూర్చుంటే, కాన్పు కష్టమైన ఒక పిల్ల కోసం సలోమి లోపలికెళ్లి, అమలాపురం డాక్టరమ్మకు ఒక్క లైను కలిపింది. పిల్ల బతికింది. సలోమి మీద సమ్మె విరిచిందన్న ముద్ర ఉండిపోయింది.

మంగరాజు మర్యాదగానే వచ్చి నిలబడ్డాడు.

"అక్కయ్యగారూ, ఆ పోస్టు వేరే ఆయనకి వేసేరండీ. మీకు రాజమండ్రి ఇచ్చేరు. రేపే చేరాలంట. నా చేతుల్లో ఏం లేదండీ."

"మీ చేతుల్లోనే ఉందని మీకూ తెలుసు కదండీ. ఆ వేళ నేను కలపకపోతే ఆ పిల్ల ఏమయ్యేదో, అదీ తెలుసు."

"ఆయ్," అన్నాడతను నేల చూస్తూ.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

మధ్యాహ్నం ఇంజనీరు బోర్డు తీగలు కత్తిరించాడు. సలోమి తన భర్తను చెల్లెలు సుగుణ ఇంట్లో దింపి, అతని దుప్పటి సర్ది, సంచీ పట్టుకుని బస్సుకు నడిచింది. దారిలో తాతబ్బాయి కొట్టు. అతను వీధికి వీపు పెట్టి, కొత్త ఫోను ఎత్తి, డయలు ముట్టుకోకుండానే మాట్లాడుతున్నాడు.

"సలోమమ్మా, నూనె మిల్లుకి కలుపమ్మా. సలోమమ్మా, ఉన్నావా?"

పలకబోయి, ఊరుకుని బస్సెక్కింది.

ఎక్స్ఛేంజిలో, మూలకు నెట్టేసిన బోర్డు కొక్కానికి ఆమె హెడ్‌సెట్ వేలాడుతోంది, చెవి ఒరుసుకోకుండా పాత చీరముక్కతో ఆమె కుట్టుకున్న తొడుగుతో సహా.