కొక్కేలకు వేలాడే నెలలు

మా సెట్లో కాస్ట్యూమ్ గది తలుపు వెనక వరసగా కొక్కేలుంటాయి. ఒకదానికి మూడో నెల, ఒకదానికి ఐదో నెల, ఇంకోదానికి ఏడో నెల, చివరిదానికి తొమ్మిదో నెల వేలాడుతుంటాయి. అన్నీ స్పాంజి కడుపులే. పైన చర్మం రంగు గుడ్డ, వెనక కట్టుకోవడానికి పట్టీలు. వాటిని ఎవరూ కడుపులని అనరు. "అక్కా, ఏడో నెల పట్రా!" అని సెట్లోంచి కేకేస్తారు. "ఉతికానండీ, ఇంకా ఆరలేదు, ఇవాళ్టికి ఐదుతో కానిచ్చేయండి" అని కాస్ట్యూమ్ అక్క లోపల్నుంచి అరుస్తుంది. డైలాగులు రాయడానికి చేరిన మొదటి రోజు ఇది విని పడీపడీ నవ్వాను. ఇంత సరదా ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది అనుకున్నాను. నాకు సీరియల్సంటే పిచ్చి మరి, హోంవర్కు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు పెరిగినదాన్ని!

మా సీరియల్లో పెద్దకోడలికి ఇది ఐదో కడుపు. మొదటిది ఉత్తుత్తిది, రిపోర్టులు తారుమారయ్యాయి. రెండోది అత్తగారు పాలల్లో కలిపిన మందుతో పోయింది. మూడోసారి కవలలు. ఒకణ్ణి నర్సు ఎత్తుకుపోయింది, రెండోవాడు పైగదిలో ఉన్నాడు. వాడు కనిపించి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తులేదు, ఎప్పుడడిగినా స్టోరీ సార్ "నిద్రపోతున్నాడు" అంటారు. నాలుగోది కల. కథ కదలనప్పుడల్లా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "కళ్ళు తిరిగి పడిపోతుంది, డాక్టరు నవ్వుతుంది, రాసుకోండి" అనేవారు. మేం రాసుకునేవాళ్ళం.

సెట్లో అందరికీ వరసలే పేర్లు. మామగారు, అత్తగారు, పెద్దకోడలు. నేను ఎక్కువగా ఆడపడుచు వెటకారాలు రాస్తాను కాబట్టి పెద్దకోడలు నన్ను "ఏమ్మా ఆడపడుచూ" అని పిలిచేది. నేను ఆమెని వదినా అనేదాన్ని. ఆమె చాలా ఏళ్ళు హీరోయిన్ స్నేహితురాలిగా వేసింది, పక్కన నిలబడి "అవునే" అనే వేషాలు. తన మొహం పోస్టర్ మీదకి ఎక్కింది మా సీరియల్‌తోనే.

ఆ రోజు మధ్యాహ్నం మార్చిన డైలాగులు పట్టుకుని మేకప్ గదిలోకి వెళ్ళాను. మామగారు సోఫాలో గుర్రుపెట్టి నిద్రపోతున్నారు, తలకింద ఐదో నెల!

"మామగారూ, అదేంటండీ, కోడలి కడుపు మీద పడుకున్నారు?"

"మనవడేగా, మోస్తాడులేవే" అన్నారు కళ్ళు తెరవకుండానే.

నవ్వుకుంటూ సెట్లోకొచ్చాను. అక్కడ కెమెరా తిరుగుతోంది. వదిన కిటికీ దగ్గర నిలబడి పొట్ట మీద చెయ్యేసుకుని భర్త ఫోటోతో మాట్లాడుతోంది. చక్కగా, గుండ్రంగా ఐదో నెల పొట్ట. అదేంటి, ఐదో నెల మామగారి తలకింద ఉందిగా? నేను వెనక్కి పరిగెత్తాను. మూడు, ఏడు, తొమ్మిది కొక్కేలకే ఉన్నాయి. కాస్ట్యూమ్ అక్క ఇస్త్రీ ఆపి నా మొహం చూసింది. "నోర్మూసుకో" అంది మెల్లగా. నేనింకా నోరే తెరవలేదు.

షాటయ్యాక వదిన నన్ను సెట్లో ఉన్న వంటింట్లోకి లాక్కెళ్ళింది. అక్కడ కొళాయి తిప్పితే నీళ్ళు రావు, స్టవ్ వెలగదు, డబ్బాలన్నీ ఖాళీ. అందుకే అటు ఎవరూ రారు.

"నిజంగానేనా వదినా?" నాకు ఆనందం ఆగలేదు, గంతులేయబోయాను.

"గంతులెయ్యకు, చప్పుడవుతుంది. నాలుగు దాటి ఐదో నెల పడింది."

"మరి చెప్పలేదే?"

"అగ్రిమెంటులో ఉందిగా, కడుపొస్తే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళకి కావాలంటే మార్చేసుకుంటారు. మార్చకుండా ఉంటారా? నన్నిక్కణ్ణుంచి తీసేస్తే మళ్ళీ ఎవరి పక్కనో నిలబడి 'అవునే' అనాల్సిందే." ఆమె ఖాళీ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. "మీరెలాగూ ప్రతి కడుపునీ సాగదీస్తారు కదా. దీన్ని కూడా సాగదీయండి. నాలుగైదు నెలలు. అక్కడా ఐదో నెలే, ఇక్కడా ఐదో నెలే. ఎవరికీ ఏ నష్టమూ లేదు. చివర్లో మంచం మీద పడుకోబెట్టి తీయండి, నేను పడుకునే ఏడుస్తాను."

"అంతేగా! నేను చెప్తాను సార్‌కి!"

"నాకు కడుపొచ్చిందని చెప్పకు. కథలా చెప్పు." వెళ్ళబోతూ ఆగింది. "ఇది రెండోసారి. కవలల ఎపిసోడ్లు తీసిన వారం ఒకటి పోయింది నాకు. మర్నాడే ఉయ్యాల సీను. బాగా చేశావని అందరూ చప్పట్లు కొట్టారు."

ఆమె కొళాయి కింద చేతులు పెట్టింది అలవాటుగా, నీళ్ళు రావని గుర్తొచ్చి చీరకి తుడుచుకుంది.

స్టోరీ రూములోకి ఎంత ఉత్సాహంగా వెళ్ళానో చెప్పలేను. నా దగ్గర ఐడియా ఉంది, అది వదినని కాపాడుతుంది, కథకీ మంచిది! తీరా వెళ్ళేసరికి అక్కడ చానల్ మేడమ్ కూర్చుని ఉంది, స్టోరీ సార్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'మెట్లు' అని రాసి కింద రెండు గీతలు గీశారు.

"రేటింగు పడింది" అంది మేడమ్. "అవతలి చానల్లో ఆ పిల్లకి కూడా కడుపే. మనం ముందు పోగొట్టాలి."

"మెట్ల మీంచి దొర్లుతుంది" అన్నారు సార్. "చిన్నకోడలు నూనె పోస్తుంది. నూనె చుక్క క్లోజప్, పాదం క్లోజప్, అత్తగారి కళ్ళు."

"సార్, ఈసారి పడకపోతే?" అన్నాను. "నూనె చూసి పక్కకి తప్పుకుంటుంది సార్. అందరూ పడుతుందనుకుంటారు, పడదు! ఈ ఒక్క బిడ్డనైనా సవ్యంగా పుట్టనిద్దాం సార్. నెలనెలా జాగ్రత్తగా చూపిద్దాం. చూసేవాళ్ళలో నిజంగా కడుపుతో ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు, వాళ్ళతో పాటే నడిపిద్దాం..."

మేడమ్ నన్ను జాలిగా చూసింది. "కడుపుంటే ఏముందమ్మా, కూర్చోవడం, లేవడం. పోతే వారం రోజులు ఏడుపు. ఆ వారం మనది."

"కొత్త పిల్ల కదా, ఆవేశం" అన్నారు సార్. "పోయాక మళ్ళీ తెప్పిద్దాంలే, కడుపుకేం కరువు?"

అందరూ నవ్వారు. ఆ మెట్ల సీను డైలాగులు నన్నే రాయమన్నారు.

వదినకి ఫోన్లో చెప్పాను. "డూపుని పెడతారుగా" అంది.

పెట్టారు. కానీ డూపు దొర్లడానికే. జారడం, మొదటి రెండు మెట్లు, కిందపడ్డాక మొహం, ఇవన్నీ వదినే చెయ్యాలి. షూటింగు రోజు మెట్ల కింద పరుపు వేశారు. డైరెక్టర్ కిందనుంచి కళ్ళజోడు తుడుచుకుంటూ, "రెండు మెట్లేనమ్మా! పరుపుందిగా!" అన్నారు.

వదిన పైమెట్టు మీద రెయిలింగు పట్టుకుని నిలబడింది. నూనె నిజం నూనే, లైట్ల కింద మెరుస్తోంది.

"నేను చెయ్యను సార్."

"భయమా? ఒక్క మెట్టు చెయ్యి పోనీ."

"ఒక్కటి కూడా చెయ్యను."

అత్తగారు గ్లిజరిన్ సీసా పట్టుకుని సిద్ధంగా ఉంది. "ఏమైందే కోడలా, పొద్దున్నే ఈ నఖరాలేంటి? నాకు మధ్యాహ్నం ఇంకో షూటింగుంది" అంది.

"నడుం పట్టేసిందేమో, స్పాంజి వదులు చెయ్యవమ్మా ఎవరైనా!" అని డైరెక్టర్ కేకేశారు. "కాస్ట్యూమ్! ఐదో నెల వదులు చెయ్యి!"

అప్పుడు కాస్ట్యూమ్ అక్క లోపల్నుంచి వచ్చింది. ఆమె రెండు చేతుల్లో ఐదో నెల ఉంది. దాన్ని అందరి మధ్యా ఎత్తి పట్టుకుని నిలబడింది. లైట్‌మ్యాన్ దాన్ని చూశాడు, పైన వదిన పొట్టని చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. మామగారు ముందు తేరుకున్నారు. "ఓరి దేవుడో" అన్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించలేరు. చప్పట్లు! అందరూ చప్పట్లు కొట్టారు, డైరెక్టర్ స్వయంగా చెయ్యి పట్టుకుని వదినని దించారు, ప్రొడ్యూసర్ గారు గంటలో కేకు పట్టుకుని వచ్చేశారు. కేకు కోసి, ఫోటోలు తీసి, వదిన నోట్లో క్రీము పెట్టి, "ఆరోగ్యం ముఖ్యమమ్మా, ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు. కేకు ముక్క ఆమె చేతిలో ఉండగానే ఆ మాటకి అర్థం ఏంటో ఆమెకి తెలిసిపోయింది.

"సార్, నాకు విశ్రాంతి వద్దు" అంది. "కథలో కడుపుంది, నాకూ ఉంది. మీరు ఏమీ మార్చక్కర్లేదు. మెట్లొక్కటి తీసేయండి చాలు."

"కడుపుతో ఉన్న మనిషి చేత పని చేయించుకుంటున్నామంటే బాగుంటుందా?" అన్నారు ప్రొడ్యూసర్ గారు, చాలా బాధగా.

"రెండేళ్ళుగా చేయిస్తూనే ఉన్నారుగా."

స్టోరీ సార్ పేపర్ ప్లేటు కింద పెట్టారు. "చూడమ్మా, కోపం తెచ్చుకోకు. స్పాంజి కడుపు మన మాట వింటుంది. పెరగమంటే పెరుగుతుంది, ఆగమంటే ఆగుతుంది, పొమ్మంటే పోతుంది. నీది వింటుందా?"

వదిన ఆయనకేసి చూసింది. "నా మొదటిది విన్నది సార్" అంది.

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. అక్కడ నాకొక్కదానికే అర్థమైంది, నేను నోట్లో కేకు పెట్టుకుని ఉన్నాను.

సంవత్సరాల తరబడి గ్లిజరిన్‌తో ఏడ్చిన అత్తగారు ఆ రోజు సీసా ముట్టకుండా ఏడ్చింది. సాయంత్రం కొత్తమ్మాయి ఫోటో చూసి, "కళ్ళు పెద్దవి, బాగుంటుంది" అంది.

'ఇకపై పెద్దకోడలి పాత్రలో' అని స్క్రీన్ కింద అక్షరాలు పరిగెత్తాయి. కొత్తమ్మాయి కాలేజీ వదిలి ఎన్నాళ్ళో కాలేదు, ఐదో నెల కట్టుకుని అద్దం ముందు సెల్ఫీలు దిగింది. తీరా ఆమె వచ్చాక స్టోరీ రూములో మీటింగు పెట్టి మేడమ్ ఏమందో తెలుసా? "కొత్త మొహం వచ్చీ రాగానే కడుపు పోతే జనం తిడతారు. అలవాటు పడనిద్దాం. మెట్లు వద్దు. సాగదీయండి."

సార్ బోర్డు మీద 'మెట్లు' తుడిచేశారు. నూనె చూసి పక్కకి తప్పుకునే సీను నన్నే రాయమన్నారు. "నువ్వన్నది కూడా బానే ఉందిలే" అన్నారు. రాశాను. నెలనెలా జాగ్రత్తలు రాశాను. ఏడో నెలలో డాక్టరు విశ్రాంతి తీసుకోమన్న సీను, తొమ్మిదిలో మంచం మీద పడుకునే ఏడ్చే సీను, వదిన ఖాళీ వంటింట్లో అడిగినవన్నీ వరసగా రాసిచ్చాను. రేటింగు లేచింది.

వదినకి ఆడపిల్ల పుట్టిందని తెలిసి ఆస్పత్రికి వెళ్ళాను. గదిలో ఆమె సొంత అత్తగారు గోడ మీది టీవీకి కళ్ళప్పగించి కూర్చుంది. మా సీరియలే.

"పాపం ఆ పిల్లకి ఇంకా నొప్పులు రాలేదమ్మా" అంది నాతో. "తొమ్మిది ఎప్పుడో నిండాయి. మీ వాళ్ళు కాస్త చూడకూడదూ?"

వదిన పాపకి పాలిస్తోంది. సన్నగా నవ్వింది. "ఏమ్మా ఆడపడుచూ, నా వాటా డైలాగులన్నీ దానికిచ్చేశావట."

అంతలో నా ఫోను మోగింది. స్టోరీ సార్. "ఆస్పత్రిలోనే ఉన్నావుగా? రేపు కాన్పు తీసేద్దాం. బొమ్మని పెడితే క్లోజప్‌లో దొరికిపోతాం. ఆవిణ్ణి అడుగు, ఒక్క పూటకి పాపని పంపిస్తుందేమో. కారు పంపుతాం. తల్లి కూడా రావచ్చు, ఫ్రేములో పడకుండా పక్కన కూర్చోవాలి, అంతే."

ఫోను చేత్తో మూసి, ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. సొంత అత్తగారి మొహం వెలిగిపోయింది. "పుట్టగానే టీవీలోనా! పంపిద్దామే, ఒక్క పూటేగా!"

వదిన పాప మొహంకేసి చూసింది, టీవీలో కొత్తమ్మాయి స్పాంజి మీద చెయ్యేసుకుని నిమురుతుంటే అటు చూసింది. ఆమె మొహంలో నవ్వు పోలేదు కానీ అది నవ్వులా కూడా లేదు.

"నా కూతురికి డేట్లు లేవని చెప్పు" అంది.

చెప్పాను.

"అలాగా" అన్నారు సార్, ఏమాత్రం బాధపడకుండా. "అయితే కాన్పు వాయిదా. రాసుకో, నొప్పులొచ్చినట్టే వచ్చి ఆగిపోతాయి."