ప్రార్థన లేని గుక్క

ఆవిరి స్నానం చేసి దాహంతో వచ్చిన సావెలీ, బల్ల మీది తేనెసారా గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. జార్ ఆరోగ్యం కోసం చదవాల్సిన ప్రార్థన చదవలేదు.

అతని భార్య ఫెతీన్యా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. మరిది నెచాయ్ చూశాడు. క్యాబేజీ పులుసు వడ్డిస్తున్న పనిమనిషి ఉల్యానా కూడా చూసింది.

"అన్నయ్య ఇంకా పాత జార్ రోజుల్లోనే ఉన్నాడు," అని నెచాయ్ నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ రోజుల్లో ఈ జార్ జార్ కాడు, పాత జార్ చెవిలో సలహాలు చెప్పే మనిషి. వారసుడు లేకుండా పాతాయన పోతే సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. చెవిలో మాటలు చెప్పి పైకొచ్చినవాడికి మాస్కోలో ప్రతి ఇంటి గుసగుసా కావాలి మరి! గిన్నె ఎత్తితే ముందు ఆయన కోసం ప్రార్థన చదవాల్సిందే. చదవనివాడి తల తీసేస్తారు. వాణ్ణి చూసి కూడా చెప్పకపోతే చూసినవాళ్లకీ అదే శిక్ష. చెప్పినవాళ్లకి దోషి ఇల్లు దక్కుతుంది. ఊరంతా సిలువను ముద్దుపెట్టుకుని ఒట్టేసింది.

నెచాయ్ పులుసు సగంలో వదిలేసి లేచాడు.

"అంత తొందరేమిటి మరిదీ? తిని వెళ్లు."

"చాల్లే వదినా, గుర్రానికి నాడాలు కొట్టించాలి," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

కాసేపటికి ఉల్యానా నీళ్లకని వెళ్లింది. బావి వీధి చివరే. ఎంతకీ తిరిగి రాలేదు. ఫెతీన్యా గుమ్మంలోకి వెళ్లి వీధి చూసి వచ్చింది.

"ఏవండీ, వాళ్లిద్దరూ..."

"తెలుసు. నువ్వే వెళ్లి చెప్పు."

"మీకేమైనా మతిపోయిందా?"

"నా తల ఎలాగూ పోతుంది. నువ్వు చెబితే పిల్లలకి ఇల్లైనా మిగులుతుంది. ఆ నెచాయ్ గాడు చెబితే వాళ్లని మంచులోకి గెంటేస్తాడు. వెళ్లవే, నీకు దణ్ణం పెడతా!"

ఆమె ఏడుస్తూనే వెళ్లింది. దారిలో ఎదురైన ప్రతి మనిషీ తమ ఇంటి సంగతే మోసుకెళ్తున్నట్టు అనిపించి నడక వేగం పెంచింది. కచేరీలో గుమాస్తా ముందు నిలబడి జరిగిందంతా గడగడా చెప్పేసింది.

గుమాస్తా కలం పక్కన పెట్టాడు.

"సమయానికొచ్చావమ్మా. మీ మరిది ఇందాకే వచ్చి ఇదే చెప్పాడు. బావి దగ్గర్నుంచి మీ పనిమనిషిని పట్టుకొచ్చి అడిగాం. అయ్యగారు ప్రార్థన మొత్తం చదివారు, చెవులారా విన్నానని సిలువను ముద్దుపెట్టుకుని మరీ చెప్పింది. ఇంటి కోసం తమ్ముడే అబద్ధమాడాడని నమ్మేశా. వాడికి కొరడా దెబ్బలు రాయబోతున్నా."



భటుడు పక్క గది తలుపు తీశాడు. చెక్క బల్ల మీద కూర్చున్న ఉల్యానా, అమ్మగారిని చూసి గబుక్కున లేచి నిలబడింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"నా కోసం వచ్చారా అమ్మగారూ? అయ్యగారికేం కాదు, ఏడవకండి. నేను చెప్పేశాగా!"