ముందు వరస నాది

నైరోబీలోని కెన్యాటా మార్కెట్టులో ఒక తల అల్లడానికి నలుగురం కూర్చుంటాం. వెనక ఇద్దరు, పక్కన ఒకరు. ముందు వరస మాత్రం కొట్టు యజమానిది, అంటే నాది. చూసేవాళ్ల కళ్లు పడేది అక్కడే కనుక దాన్ని ఎవరికీ వదలను. "కెరూబో అల్లితే రెండు నెలలు కదలదు" అన్న పేరు నాకు ఆ వరస బిగువుతోనే వచ్చింది.

ఆ గురువారం న్యాకియో వచ్చి తలగుడ్డ తీసింది. పన్నెండేళ్లుగా నా దగ్గరే అల్లించుకుంటోంది. మొదటిసారి కూర్చున్నప్పుడు ఆమె నుదురు నా నాలుగు వేళ్లు పట్టేది. ఇప్పుడు వేళ్లు ఆనించి చూశాను. ఆరు. కణతల దగ్గర చర్మం నున్నగా మెరుస్తోంది. దాని పైన వేలెడు మేర నూగులాంటి జుట్టు ఇంకా పట్టుకుని ఉంది.

ఏడాదికి ఆరుసార్లు, పన్నెండేళ్లు. డెబ్భై రెండుసార్లు ఆ ముందు వరస లాగి బిగించింది నేనే. తప్పు పంచుకుందామంటే ఇంకో చెయ్యి లేదు.

"బాగా బిగించక్కా. శనివారం మా చెల్లి పెళ్లి మాటలు. రెండు నొప్పి మాత్రలు మింగే వచ్చా."

"ముందు వరస అల్లను. వెనక వదులుగా అల్లుతా."

"ఈ బోడి నుదురుతో వెళ్లమంటావా? నన్ను పెళ్లికూతురి అమ్మ అనుకుంటారు!"

"అనుకోనీ. మెరిసే చోట ఇక మొలవదు. ఈ నూగును కూడా లాగితే ఇదీ అంతే. వదిలేస్తే నిలుస్తుంది."

"ఇన్నేళ్లూ లాగినప్పుడు చెప్పలేదేం?"

ఆమె లేచి, తిన్నగా ఎదురు కొట్టులోని అకొత్ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"పోనీలే, ఇంకో తల చూసుకుందాం" అన్నారు నా కొట్టువాళ్లు. ఇంకో తల దొరుకుతుంది, ఆ నూగు మాత్రం సాయంత్రానికి ఉండదు. దువ్వెన పట్టుకుని దారి దాటాను.

అకొత్ అప్పటికే ముందు పాయ వేలికి చుట్టింది. "ఏంటి కెరూబో, నా కొట్లో పనికి కుదురుతావా?"

"కుదురుతా. ముందు వరస నాకివ్వు. బేరం నీదే, పేరూ నీదే."

"యజమాని చోటే కావాలా తల్లీ నీకు!"

"ఇటు చూడు" అని న్యాకియో కణత చూపించాను. అకొత్ వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. అకొత్ చెయ్యి తన తలగుడ్డ అంచు కింది కణత దగ్గరికి వెళ్లింది. స్టూలు నా వైపు తోసింది.

"అందరూ చూస్తారక్కా" అంది న్యాకియో. ఈసారి గొంతులో కోపం లేదు.

"చూడనీ. ఎవరడిగినా, కెరూబో బిగించి పాడుచేసిందని నా పేరే చెప్పు."

"చెప్తా. అరిచి మరీ చెప్తా" అని న్యాకియో తల వంచింది.

నూగును ముట్టుకోకుండా, దానికి వేలెడు వెనక పాపిడి తీసి, బరువుకు లాగే సవరం కలపకుండా మొదటి జడ మొదలుపెట్టాను. అలవాటైన వేళ్లు మూడో మెలికకే బిగించేశాయి. విప్పాను. మళ్లీ మొదలుపెట్టాను.